వలందపాలెం నుంచి వలందుల ఊరికి

మాది బందరు. అదేనండీ, మచిలీపట్నం! మా ఊళ్లో పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. వలందులంటే హాలెండు వాళ్లు. 17వ శతాబ్దం మొదట్లోనే ఓడలేసుకుని మా రేవుకొచ్చి, అద్దకం బట్టలు మూటలకొద్దీ కొనుక్కెళ్లారు. వాళ్లు పోయినా పేటకి పేరు మిగిలింది. నాలుగొందల ఏళ్ల తర్వాత అదే దారిలో మేం ఎదురెళ్లాం. వ్యాపారానికి కాదు, చదువుకోసం. అదీ నా చదువు కాదు, మా ఆవిడ చదువు!

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో మా ఆవిడకి పీహెచ్‌డీ చేసే అవకాశం వచ్చింది. నాలుగేళ్లు. అక్కడ పీహెచ్‌డీ అంటే చాలావరకు ఉద్యోగమే. మనం ఫీజు కట్టడం కాదు, విశ్వవిద్యాలయమే మనకి నెలనెలా జీతమిస్తుంది. అమ్మాయికి ఎనిమిదేళ్లు, అబ్బాయికి నాలుగు. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. జీతం లేని సెలవు పెట్టాను. 'మరి నువ్వేం చేస్తావురా అక్కడ?' అనడిగారు మా నాన్న. 'వంట' అన్నాను. ఆయన నవ్వలేదు.

చిరునామా ఉంటేనే మనిషి

విమానం దిగి రైలెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో లైడెన్. ఇంత సులువా అనుకున్నాం. అసలు కథ అప్పుడే మొదలైంది. అక్కడ ఏ పని కావాలన్నా తొమ్మిదంకెల పౌరసంఖ్య ఉండాలి. అది రావాలంటే పురపాలక కార్యాలయంలో పేరు నమోదవ్వాలి. పేరు నమోదవ్వాలంటే చిరునామా కావాలి. ఆ చిరునామా ఇచ్చే ఇల్లే దొరకదు! విద్యార్థులతో కిటకిటలాడే ఊరది. కొందరు ఇల్లిస్తారు కానీ 'ఈ చిరునామా మీద పేరు రాయించుకోవద్దు' అంటారు. అలాంటి ఇంట్లో ఉన్నా ఒకటే, రైల్వేస్టేషన్లో ఉన్నా ఒకటే.

కాగితాల సంగతి మరో ప్రహసనం. పిల్లల పుట్టిన తేదీ పత్రాలూ, మా పెళ్లి పత్రమూ కావాలన్నారు. వాటిమీద మన ప్రభుత్వం వేసే 'అపోస్టిల్' ముద్ర ఉండాలన్నారు. మాకు పెళ్లి ఫొటోలున్నాయి, శుభలేఖ ఉంది, వీడియో క్యాసెట్ ఉంది. రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. పెళ్లయిన పదేళ్లకి, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, బందర్లో పెళ్లి నమోదు చేయించుకున్నాం. బయల్దేరే ముందు అదొక్కటీ చేయబట్టి బతికిపోయాం!

రెండు నెలలు తాత్కాలిక వసతిలో గడిపాక ఇల్లు దొరికింది. సన్నటి మూడంతస్తుల ఇల్లు. మెట్లు మన అటక నిచ్చెన కంటే కాస్త నయం. మంచం, బీరువా ఆ మెట్లమీంచి ఎక్కవు. అందుకే పాత ఇళ్ల నెత్తిమీద ఓ ఇనుప కొక్కెం ఉంటుంది. దానికి తాడేసి, సామాను కిటికీలోంచి లోపలికి లాగుతారు. అలా మా బీరువా గాల్లో ఊగుతుంటే, కింద నిలబడి మా ఆవిడ వెంకన్నకి మొక్కుకుంది.

కాలవ గట్టున కాపురం

ఊరంతా కాలవలే. మాకు కాలవలు కొత్తా? కొత్త కాదు. కానీ బందరు కాలవలో పిల్లలు పడకుండా ఎవరో ఒకరు గట్టుమీద కూర్చునే ఉంటారు. ఇక్కడ వీధీ, దాని అంచునే నీళ్లు. చాలాచోట్ల రెయిలింగు లేదు, పిట్టగోడ లేదు. నాలుగేళ్ల కుర్రాణ్ని పెట్టుకుని ఎలా నిద్రపడుతుంది?

'కాలవకి కంచె ఎందుకు వేయరు?' అని పక్కింటావిడని అడిగాను. 'దేశమంతా కంచె వేయలేం కదా, పిల్లలకి ఈత నేర్పుతాం' అందావిడ. నిజంగానే అక్కడ ఈతకి పరీక్షలున్నాయి. ఏ, బీ, సీ అని మూడు డిప్లొమాలు. ఐదేళ్లు రాగానే మావాణ్నీ చేర్పించాం. ఏ డిప్లొమా పరీక్షకి వెళ్తే చొక్కా, నిక్కరు, బూట్లతో సహా నీళ్లలోకి దూకమన్నారు. బీ పరీక్షకి పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు. సీ పరీక్షకి వాటిపైన కోటు కూడా! బట్టలెందుకని అడిగితే శిక్షకుడు నన్ను వింతగా చూశాడు. 'కాలవలో పడేవాడు ఈతదుస్తులేసుకుని పడడు కదా!' అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆ దేశంలో దాదాపు పావు వంతు నేల సముద్రమట్టం కంటే కిందనే ఉంది. 1953 ఫిబ్రవరిలో ఉప్పెన వచ్చి 1836 మంది చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు కష్టపడి 'డెల్టా వర్క్స్' పేరుతో ఆనకట్టలూ, అడ్డుగోడలూ కట్టుకున్నారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన గురించి మా అమ్మ చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు వణుకుతుంది. సముద్రమంటే ఏమిటో తెలిసిన రెండు ఊళ్లవాళ్లం. అందుకే ఆ ఈత పరీక్ష నాకు ఆటలా అనిపించలేదు.

ఇక సైకిలు. అమ్మలు ముందు ఒకర్ని, వెనక ఒకర్ని ఎక్కించుకుని గాలివానలో కూడా తొక్కేస్తుంటారు. ముందు చెక్కపెట్టె ఉండే సైకిళ్లున్నాయి. పిల్లలూ, కూరగాయలూ, ఒక్కోసారి కుక్కా అందులోనే. పదేళ్లు దాటిన పిల్లలకి బడిలోనే రోడ్డు మీద సైకిలు పరీక్ష పెడతారు. ఇరవై ఏళ్ల తర్వాత సైకిలెక్కిన నేను మొదటివారం రెండుసార్లు పడ్డాను. కాలవలో కాదులెండి!

గేటు లేని విశ్వవిద్యాలయం

'మీ యూనివర్సిటీ ఎక్కడ?' అంటే చూపించడానికి గేటు లేదు. ఒక భవనం ఈ సందులో, ఇంకోటి ఆ కాలవ ఒడ్డున. ఊరే విశ్వవిద్యాలయం. దాని పుట్టుక వెనకో పెద్ద కథ ఉంది. స్పెయిన్ సైన్యం ఈ ఊరిని చుట్టుముట్టి నెలల తరబడి దిగ్బంధం చేసింది. తిండిలేక వేలమంది చనిపోయారు. చివరికి డచ్చివాళ్లు తమ గట్లని తామే తెగ్గొట్టి పొలాల్ని ముంచేశారు. ఆ నీళ్లమీద పడవల్లో వచ్చి ఊరిని విడిపించారు. అది 1574 అక్టోబరు 3. ఆ మరుసటి ఏడాది, 1575లో, విలియమ్ ఆఫ్ ఆరెంజ్ ఈ ఊరికి విశ్వవిద్యాలయాన్ని బహుమతిగా ఇచ్చాడు.

ఇప్పటికీ ఏటా అక్టోబరు 3న ఊరంతా పండగే. బడులకి సెలవు. పొద్దున్నే హెర్రింగ్ చేపలూ, తెల్ల రొట్టే పంచుతారు. ఆకలితో ఉన్న ఊరికి ఆనాడు పడవలవాళ్లు తెచ్చింది అవేనట. పారిపోయిన శత్రువుల శిబిరంలో ఓ కుర్రాడికి కూర ఉడుకుతున్న కుండ దొరికిందని మరో కథ. అందుకని ఇళ్లలో 'హుట్స్‌పాట్' వండుకుంటారు. క్యారెట్, ఉల్లిపాయ, బంగాళాదుంప ఉడకబెట్టి మెదిపి మాంసంతో తింటారు. మేం మాంసం మానేసి ఆవకాయ కలిపాం. పక్కింటావిడకీ కాస్త పెట్టాం. రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఇంకాస్త పెట్టించుకుంది!

హీలియం వాయువుని 1908లో మొట్టమొదట ద్రవంగా మార్చిన కామర్లింగ్ ఆనెస్ ప్రయోగశాల ఈ ఊళ్లోనిదే. ఐన్‌స్టీన్ ఇక్కడికి అతిథి ఆచార్యుడిగా వచ్చి పాఠాలు చెప్పేవాడు. 1590లో పెట్టిన వృక్షశాస్త్ర తోట ఇంకా పచ్చగా ఉంది. ఇళ్ల గోడల నిండా కవితలు. రష్యన్, జపనీస్... ఏ భాషవి ఆ లిపిలోనే వందకి పైగా రాశారు. 1992లో మొదలెట్టారట. ఆదివారం పూట కొత్త లిపి ఎవరు ముందు కనిపెడతారా అని పిల్లలు పందేలేసుకునేవాళ్లు.

మా ఆవిడ స్నేహితురాలి పీహెచ్‌డీ పరీక్షకి ఓసారి అందరం వెళ్లాం. ఒకప్పటి సన్యాసినుల ప్రార్థనాలయంలో సభ. నల్లగౌన్ల ఆచార్యులు వరసగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. సరిగ్గా ముప్పావుగంటకి దండం పట్టుకుని ఓ ఉద్యోగి వచ్చి 'హోరా ఎస్ట్' అంటుంది. లాటిన్లో 'వేళయింది' అని. అంతే, జవాబు సగంలో ఉన్నా ఆపేయొచ్చు. పరీక్షకి ముందు అభ్యర్థి కూర్చునే చిన్నగది పేరు 'చెమటల గది'. గోడలనిండా సంతకాలే. వచ్చే ఏడాది అక్కడ మా ఆవిడ సంతకం చేయాలి. తెలుగులో చేయమని మా అమ్మాయి ఇప్పట్నుంచే పోరుతోంది.

బడిలో మాట, ఇంట్లో మాట

పిల్లల్ని దింపడానికి వచ్చే మగాణ్ని నేనొక్కణ్నే అవుతానేమోనని మొదటిరోజు సిగ్గుపడ్డాను. తీరా చూస్తే తండ్రులు చాలామందే ఉన్నారు. వారంలో ఒకరోజు పని మానుకుని పిల్లలతో గడపడం అక్కడ మామూలే. దానికి 'పాపాదాఖ్' అని పేరు కూడా ఉంది. అంటే నాన్నరోజు. 'నాకు వారంలో ఐదూ నాన్నరోజులే' అంటే గేటు దగ్గర అందరూ నవ్వారు.

మావాడు నాలుగేళ్లకే బళ్లో చేరాడు. అక్కడ చాలామంది పిల్లలు అదే వయసుకి చేరిపోతారు. అమ్మాయిని మాత్రం ముందు కొత్తగా వచ్చిన పిల్లల తరగతిలో వేశారు. ఏడాదిపాటు డచ్చి భాష. సిరియా పిల్లలు, పోలెండు పిల్లలు, మా పిల్ల. బందరు బళ్లో నోరు మూయమని బెత్తం చూపించాల్సిన పిల్ల, అక్కడ మూడు నెలలు నోరే విప్పలేదు. మధ్యాహ్నం డబ్బాలో పులిహోర పెడితే తినకుండా తెచ్చేది. మిగతా పిల్లలు రొట్టెమీద వెన్న రాసి, చాక్లెట్ పలుకులు చల్లుకుని తింటారు. అదీ వాళ్ల భోజనం! నాలుగోనెలలో 'నాకూ రొట్టే పెట్టు నాన్నా' అంది. ఆ రాత్రి మా ఆవిడ 'మనం తప్పు చేశామా?' అనడిగింది. నా దగ్గర జవాబు లేదు.

దీనికితోడు ఇంకో గుబులు. అక్కడ పన్నెండేళ్లకే పిల్లల దారి చాలావరకు తేలిపోతుంది. ప్రాథమిక విద్య చివరి ఏడాదిలో, విశ్వవిద్యాలయం వైపు వెళ్లే చదువా, చేతిపనుల వైపు వెళ్లే చదువా అన్నది బడి సూచిస్తుంది. తర్వాత మారొచ్చు కానీ అది చుట్టుదారి. లెక్కలెంత వచ్చినా, లెక్క అడిగే భాష రాకపోతే? 'హోంవర్కు ఇవ్వండి' అని టీచర్ని బతిమాలాను. 'ఇంట్లో మీ భాషలో కబుర్లు చెప్పండి, కథలు చదవండి. ఒక భాష గట్టిగా వస్తే రెండోదీ వస్తుంది' అందావిడ. హోంవర్కు నాకే ఇచ్చిందన్నమాట!

చెల్లెలి పెళ్లి ఫిబ్రవరిలో పడింది. పిల్లలకి సెలవు కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. అనుమతి లేకుండా బడి మాన్పిస్తే తల్లిదండ్రులకి జరిమానా వేస్తారు. దగ్గరి బంధువుల పెళ్లి కాబట్టి ఐదురోజులిచ్చారు. స్నాతకం, పెళ్లి, సత్యనారాయణ వ్రతం, మధ్యలో రెండు విమానాలు. ఐదురోజుల్లో అన్నీ! ఆ పెళ్లిలోనే అసలు సంగతి బయటపడింది. నానమ్మ 'అన్నం తిన్నావురా?' అనడిగితే మావాడు డచ్చిలో జవాబు చెప్పాడు. ఆవిడ వాడి మొహంలోకి కాసేపు చూసి, నావైపు తిరిగి 'ఏమంటున్నాడ్రా?' అంది. మనవడి మాటకి కొడుకు దుబాసీ అవ్వాల్సొచ్చింది. ఆ చూపు నాతోపాటే విమానమెక్కి వచ్చింది.

ఎప్పటి భయమో!

లైడెన్ నడిబొడ్డున పీటర్స్‌కెర్క్ అని పెద్ద చర్చి. దాని గోడకి జాన్ రాబిన్సన్ అనే ఇంగ్లిషు మతబోధకుడి పేరుతో ఓ ఫలకం ఉంది. ఇంగ్లండులో తమ నమ్మకం ప్రకారం బతకనివ్వకపోతే, కొందరు కుటుంబాలతో సహా 1609లో ఈ ఊరికి వలసొచ్చారు. లైడెన్ అప్పట్లో ఉన్నిబట్టలకి పేరుపడ్డ ఊరు. చాలామంది మగ్గాల పనిలో కుదిరారు. పదకొండేళ్లు బతికారు. 1620లో వాళ్లలో కొంతమంది ఊరు వదిలి, మేఫ్లవర్ ఓడెక్కి అమెరికా వెళ్లారు. చరిత్రలో 'పిల్‌గ్రిమ్స్' అంటే వీళ్లే.

ఎందుకెళ్లారు? కారణాలు చాలా ఉన్నాయి. పని కష్టం, పేదరికం, మళ్లీ యుద్ధమొస్తుందన్న భయం. వాటిలో ఒకటి చదివి ఉలిక్కిపడ్డాను. పిల్లలు తమ చేతుల్లోంచి జారిపోతున్నారనీ, ఇంకొన్నాళ్లుంటే తమ భాషా, తామెవరన్న గుర్తూ పోతాయనీ వాళ్లు భయపడ్డారట! నాలుగొందల ఏళ్ల కిందట, ఇదే వీధుల్లో, నాలాంటి ఓ తండ్రి రాత్రిపూట ఇదే ఆలోచించి ఉంటాడు. అయితే అందరూ వెళ్లలేదు. ఎక్కువమంది ఇక్కడే ఉండిపోయారు. రాబిన్సన్ కూడా 1625లో ఇక్కడే కన్నుమూశాడు. ఉండిపోయినవాళ్లు మెల్లగా ఊళ్లో కలిసిపోయారు.

అంటే రెండే దారులా? వెళ్లిపోవడం, లేదా కలిసిపోవడం? మూడో దారి కూరగాయల కొట్లో కనిపించింది. పావుగంట రైలు ప్రయాణంలో హేగ్ నగరం. బెండకాయలూ, కాకరకాయలూ కావాలంటే అక్కడి సురినామ్ హిందుస్థానీల కొట్లకి వెళ్లాలి. 1873 నుంచి 1916 దాకా దాదాపు 34 వేలమంది కూలీలు కలకత్తా రేవులో ఓడెక్కి, దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కి వెళ్లారు. చెరకుతోటల్లో పనిచేశారు. 1975లో సురినామ్‌కి స్వాతంత్ర్యం వచ్చే వేళకి వాళ్ల పిల్లల్లో వేలమంది నెదర్లాండ్స్ చేరారు. కాకరకాయని వాళ్లు 'సోప్రోపో' అంటారు. మాటతీరు మాత్రం భోజ్‌పురి, అవధి కలగలిపిన 'సర్నామీ'. నాకొచ్చిన కాలేజీ హిందీతో కొట్లో పెద్దావిడని పలకరించాను. 'ఇన్ని సముద్రాలు దాటాక, ఇన్నేళ్లకి కూడా ఈ భాష ఎలా నిలబెట్టుకున్నారమ్మా?' అనడిగాను. ఆవిడ కాకరకాయలు తూస్తూ నవ్వింది. 'మా అమ్మ ఈ భాషలోనే తిట్టేది బాబూ. ఎలా మర్చిపోతాను?' అంది.

రైల్లో వస్తూ అదే ఆలోచించాను. పిల్లలకి తెలుగు 'నేర్పాలి' అని మేం అక్షరమాల పుస్తకాలు కొన్నాం, వారానికో గంట కేటాయించాం. కానీ ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు, కోపమొచ్చినప్పుడు, ముద్దు చేసేటప్పుడు ఏ భాష మాట్లాడుతున్నాం? తొందరపనిలో మాకే తెలీకుండా ఇంగ్లిషు, డచ్చి దొర్లించేస్తున్నాం. తప్పు వాడిది కాదు, మాదే.

ఆ రోజు నుంచి పాఠాలు మానేశాం. తిట్లు తెలుగులోనే. బతిమాలడమూ తెలుగులోనే. శనివారం పొద్దున్నే ఫోన్లో నానమ్మ కథ. చలికాలంలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా. మాకింకా తెల్లారదు, బందర్లో వంటింట్లో తాలింపు చప్పుడు వినిపిస్తుంటుంది. పేదరాశి పెద్దమ్మ కథ ఆసక్తిగా ఉన్నచోట ఆపేసి 'మిగతాది వచ్చేవారం' అనేది మా అమ్మ. వారం తాళలేక మావాడు మధ్యలో తనే ఫోన్ చేసేవాడు. డచ్చిలో అడిగితే ఆవిడ చెప్పదుగా! చచ్చినట్టు తెలుగు వెతుక్కున్నాడు.

పుట్టినరోజుకి అక్కడ పిల్లలే తరగతిలో అందరికీ ఏదో ఒకటి పంచాలి. ఏడో పుట్టినరోజుకి బందరు లడ్డు కావాలన్నాడు. పప్పులు పడని పిల్లలుంటారని జీడిపప్పు వేయకుండా నేనే చుట్టాను. సగం గట్టిపడ్డాయి, సగం విడిపోయాయి. 'మా నానమ్మ ఊరి లడ్డు' అని డచ్చిలో గొప్పలు చెప్పాడట. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు తెలుగులో చెప్పాడు.

మొన్న వేసవి సెలవులకి బందరొచ్చాం. అక్కడ బళ్లకి ఆరు వారాల సెలవు. ఇంకా ఏడాది ఉంది. అమ్మాయి బడి సూచన వచ్చేదీ అప్పుడే, మా ఆవిడ పరీక్షా అప్పుడే. తర్వాత ఉంటామా, వచ్చేస్తామా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఒక సాయంత్రం మావాణ్ని స్కూటర్ మీద ఊళ్లో తిప్పుతుంటే, ఓ కొట్టు ముందు ఆపమన్నాడు. బోర్డు మీద అడుగున ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. 'వ... లం... ద... పా... లెం.'

'వలంద అంటే ఏంటి నాన్నా?'

'మీ ఈత మాస్టారు వాళ్లురా. ఒకప్పుడు ఇక్కడే ఉండేవాళ్లు.'

వాడు ఆ వీధిని అటూ ఇటూ చూశాడు. 'మరి వాళ్ల పిల్లలు తెలుగు మాట్లాడేవాళ్లా?' అనడిగాడు.

ఇంటికెళ్లి నానమ్మనడుగు అన్నాను. స్కూటర్ ఆగకముందే దూకి, లోపలికి పరిగెత్తాడు.